డాక్టర్ సలహా: రెండేళ్ల పాపకు ముఖం నిండా మచ్చలు... మంగేనా?

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. ఏడాది దాటినప్పటి నుంచి ముక్కు, బుగ్గల మీద నువ్వుగింజలంత గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. ఇప్పుడు మెడకు, ముంజేతులకు పాకాయి. ఎండలోకి తీసుకెళ్తే కళ్లు తెరవదు, నీళ్లు కారతాయి. మాది మేనరికం. మంగు అని, పెద్దయ్యాక పోతుందని ఇంట్లో వాళ్లంటున్నారు. ఏదైనా క్రీమ్ చెబుతారా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, క్రీమ్ సంగతి తర్వాత. ముందు పాపను చర్మవ్యాధి నిపుణులకు చూపించండి, వాయిదా వేయకండి. మంగు పెద్దవాళ్లకు వచ్చేది. మన చామనఛాయ పిల్లలకు రెండేళ్లలోపే ఇలా మచ్చలు రావడం మామూలు విషయం కాదు. మీరు రాసినదాన్ని బట్టి ‘జీరోడెర్మా పిగ్మెంటోజమ్’ అనే అరుదైన వంశపారంపర్య జబ్బేమోనని చూడాలి. పాపను పరీక్షించకుండా అదేనని మాత్రం చెప్పలేను.

ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు అందరి చర్మకణాల్లోనూ డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. శరీరం ఎప్పటికప్పుడు దాన్ని బాగుచేసుకుంటుంది. ఈ జబ్బున్న పిల్లల్లో ఆ మరమ్మతు సరిగా జరగదు.

పాప గౌను తీసి మంచి వెలుతురులో ఒకసారి చూడండి. బట్ట కప్పిన చోట చర్మం నున్నగా ఉండి, చేతులంచు దాటగానే మచ్చలు మొదలైతే అనుమానం బలపడుతుంది. మచ్చలు కొన్ని లేతగా, కొన్ని ముదురుగా, మధ్యమధ్య తెల్లచుక్కలతో ఉంటాయి. చర్మం పొడిబారి గరుకుగా తగులుతుంది. కొందరు పిల్లలకు కొద్దిసేపు ఎండ తగిలినా ఒళ్లు కమిలి బొబ్బలెక్కుతుంది. అయితే దాదాపు సగం మందిలో ఈ కమలడం ఉండదు, కాబట్టి అది లేదని ధీమాగా ఉండొద్దు. మానని పుండు, త్వరగా పెరిగే బుడిపె కనిపిస్తే వెంటనే వెళ్లాలి. ఈ జబ్బులో పదేళ్లలోపే చర్మ క్యాన్సర్ రావచ్చు.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో లోపమున్న జన్యువు ఉంటే, వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నా ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఇద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో మీ తప్పేమీ లేదు, ఎవరేమన్నా పట్టించుకోకండి. ఇది అంటుకునేది కూడా కాదు. జన్యుపరీక్షతో నిర్ధారించవచ్చు. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఆ రిపోర్టు చాలా అవసరం.

డాక్టర్ తేల్చేదాకా జబ్బు ఉన్నట్టే జాగ్రత్తపడండి. నూనె రాసి లేత ఎండలో కూర్చోబెట్టడం మానేయండి. విటమిన్-డి చుక్కలు డాక్టర్ రాస్తారు. పగలు బయటికి వెళ్లక తప్పకపోతే దళసరి నేత బట్టలు, పొడుగు చేతులు, వెడల్పు అంచు టోపీ, యూవీ కళ్లద్దాలు, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ ఉండాలి. కిటికీ అద్దంలోంచీ కొన్ని కిరణాలు లోపలికొస్తాయి, యూవీ ఫిల్మ్ అంటించండి. ఆటలు పొద్దుగూకాక ఆడించుకోండి. జబ్బు తేలితే కంటి పరీక్షలు, వినికిడి పరీక్షలు కూడా క్రమం తప్పకుండా చేయించాలి. కొందరిలో నరాల మీదా ప్రభావం ఉంటుంది.

పాపకు అన్నో అక్కో ఉంటే, మచ్చలు లేకపోయినా, డాక్టర్ దగ్గరికి వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.