సాయంత్రం టిఫిన్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 68. రిటైర్డ్ టీచర్‌ని. మావారు పోయాక రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. సొంతిల్లు. పెన్షన్ 42 వేలు, ఖర్చు 25 వేలు. సేవింగ్స్ ఖాతాలో 12 లక్షలున్నాయి. రోజూ సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్లతో గోదావరి గట్టున నడిచి, హోటల్లో టిఫిన్ చేసి వస్తాను. నెలకు నాలుగున్నర వేలవుతోంది. ‘దుబారా, ఇంటికే ఆర్డర్ పెట్టుకో’ అంటున్నాడు మా అబ్బాయి. మానేయాలా?

జవాబు: మానకండమ్మా. ఆ ఖర్చు మీ పెన్షన్‌లో దాదాపు పదో వంతు. అదీ మీ 25 వేలలో కలిసే ఉంది.

‘ఒక్కదాని కోసం వంటేమిటి’ అనుకుని, పొద్దుటి అన్నంలోనే మజ్జిగ పోసుకుని ఆవకాయ బద్ద నంజుకుని పడుకునే ఆడవాళ్లను చాలామందిని చూశాను. బ్యాంకులో డబ్బుండీ అంతే. మగవాళ్లు కాఫీ ముందు గంట కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు, భర్త పోయిన ఆడమనిషి వెళ్తే మాత్రం తల తిప్పి చూస్తారు. అయినా మీరు వెళ్తున్నారు, నాకు చాలా సంతోషం. ఆర్డర్ పెడితే దోశ మెత్తబడి వస్తుంది, డెలివరీ చార్జీ అదనం. రోజూ వెళ్లే హోటల్లో సర్వర్ అడక్కుండానే చక్కెర లేని కాఫీ తెచ్చిపెడతాడు. రెండ్రోజులు కనబడకపోతే ‘మేడమ్ గారు రాలేదేం?’ అంటాడు. ఒంటరిగా ఉండేవాళ్లకు అలా అడిగే మనిషి ఉండాలి. ఈ ఖర్చును ఆరోగ్యం పద్దు కింద రాసుకోండి.

నాకు టెన్షన్ అంతా ఆ 12 లక్షల గురించే. సేవింగ్స్ ఖాతాలో మూడు శాతం వడ్డీ కూడా కష్టమే. అత్యవసరానికి 2 లక్షలు ఉంచి, 10 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తుంది, అంటే నెలకు 6,800 పైనే. టిఫిన్ ఖర్చు పోగా ఇంకా మిగులుతుంది. గడువు ఐదేళ్లు. మధ్యలో తీస్తే కొంత కోత పడుతుంది, అందుకే ఆ 2 లక్షలు అత్యవసరానికి తప్ప ముట్టుకోకండి. పెన్షన్, వడ్డీ కలిపినా ఏడాదికి ఆరు లక్షలు దాటదు కాబట్టి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు. నామినీగా అబ్బాయి పేరు రాయించి, ఈ లెక్క అతనికీ చూపించండి.

ఒక్క జాగ్రత్త. రోజూ ముగ్గురి బిల్లూ మీరే కట్టేస్తుంటే ఆపండి. పెన్షన్ తక్కువున్న స్నేహితురాలికి అది మొహమాటంగా ఉంటుంది, నాలుగు రోజులకు రావడం మానేస్తుంది. వంతులు వేసుకోండి, ఆమె వంతు రోజున ఇడ్లీతో సరిపెట్టుకోండి.