పిన్ను పెట్టే ముందు కొండెక్కు

ఒరే చిన్నోడా,

మన జిల్లాల్లోని పాత కట్టడాలన్నీ, ఎవరైనా చేయి వేసి దిద్దగలిగే ఆ ఉచిత మ్యాపు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ఇంట్లో కూర్చుని గూగుల్ మ్యాప్ చూసి దించేస్తున్నావని కూడా చెప్పింది, అది మాత్రం ఇవాళే ఆపు. వాళ్ల హక్కులున్న సమాచారం ఇందులో పెట్టకూడదు, ఎవరైనా పసిగడితే నువ్వు చేసిందంతా కట్టగట్టి తీసేస్తారు.

నేనూ మొదట్లో బద్ధకించాను. శాలిహుండం బౌద్ధ స్తూపం కొండ మీదుంటే, ఊరి పేరు అదే కదా అని పిన్ను ఊరి మధ్యలో పెట్టేశాను. ఆ తర్వాత ఎవరో ఓ కుటుంబం, ముసలావిడతో సహా, మిట్టమధ్యాహ్నం ఎవరింటి ముందో ఆగి "స్తూపం ఎక్కడండీ" అని అడిగారట. ఆ మాట చెవిన పడ్డాక సిగ్గేసి కొండెక్కాను. పైన ఫోను తీయగానే పిన్ను పెట్టకు, ఓ రెండు నిమిషాలు కదలకుండా నిలబడు, ఆ నీలం చుక్క అటూ ఇటూ ఊగడం మాని కుదురుకుంటుంది. కింద వంశధార కనిపిస్తుంది, చూస్తూ నిలబడితే రెండు నిమిషాలు ఇట్టే అయిపోతాయి. అక్కడ స్తూపాలూ చైత్యాలూ చాలా ఉన్నాయి కాబట్టి మొత్తం ఆవరణ చుట్టూ గీత గీసి, పెద్దవాటికి విడిగా చుక్కలు పెట్టు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఆ చోటు సంగతి బయటపెట్టారు, ఆ సంవత్సరాన్ని వివరణలో రాయి, కట్టిన సంవత్సరం గడిలో మాత్రం వద్దు.

సంవత్సరాల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. బొబ్బిలి యుద్ధం 1757లో అయితే స్మారక స్తంభం కట్టింది 1891లో, గడిలో రాయాల్సింది రెండోది.

విజయనగరం గంటస్తంభానిది ఇంకో తంటా. ఉపగ్రహ చిత్రంలో ఎత్తయినవి ఒక పక్కకి ఒరిగినట్టు కనిపిస్తాయి, శిఖరం మీద పిన్ను పెట్టావంటే అది పోయి రోడ్డు మీద పడుతుంది. మొదలు చూసి పెట్టు. పేరు తెలుగులో కూడా ఎక్కించు, ఊళ్లో వాళ్లు వేరే పేరుతో పిలుస్తుంటే దాన్ని ఇంకో పేరుగా చేర్చు.

పల్లెల్లో ఫోను పట్టుకుని తిరుగుతుంటే "ఏటి బాబూ, సర్వేనా?" అని తప్పకుండా అడుగుతారు. భూమి ఎక్కడ పోతుందోనని వాళ్ల టెన్షన్ వాళ్లది, ముందే విషయం చెప్పేసెయ్.

ఇంకొకటి. కాపలా లేని పాత దిబ్బలుంటాయి చూడు, గుప్తనిధులంటూ రాత్రిళ్లు తవ్వేవాళ్లకి దారి చూపించినట్టవుతుందని వాటిని నేను పెట్టను. ఇందుకు నాతో గొడవపడేవాళ్లున్నారు, పడనీ.

వచ్చే ఆదివారం బొబ్బిలి వెళ్దాం. పవర్ బ్యాంక్ తెచ్చుకో, నాది ఎప్పుడో చచ్చింది.

మీ మావయ్య