అనుకోని మూడో కాన్పు, అత్తమ్మ మొక్కు, మందు పెట్టని నొప్పులు

చెల్లీ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. 35 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లయ్యాక అనుకోకుండా కడుపు పండిందని, ఇంట్లో పెద్దలు దేవుడి మీద భారం వేయమంటున్నారని, మీకేమో మందులూ కోతలూ లేకుండా కనాలని ఉందని రాశారు. ఇది భక్తా, మొండితనమా అని అడిగారు. నాకు 2022లో అచ్చంగా ఇదే జరిగింది. డాక్టర్‌ని కాదు కాబట్టి నేను పడింది, చూసింది మాత్రమే చెప్తాను.

మాది సిరిసిల్ల. మా ఆయన సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుపుతారు. అప్పటికి నాకు 37 ఏళ్లు, పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. రెండో కాన్పప్పుడు రక్తం తక్కువగా ఉందని పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వాయిదా వేశారు. తర్వాత రేపు మాపు అంటూ నేనే వెళ్లలేదు. ఆ ఏడు శివరాత్రికి వేములవాడ రాజన్న (శివుడు) గుడిలో జాగారం ఉండగా కళ్లు తిరిగి కింద పడబోయాను. ఉపవాసం వల్ల అనుకున్నాం. ముట్టు రాకపోతే వయసు మీద పడిందనో, థైరాయిడ్ అనో అనుకున్నాను. మార్చి నెలాఖరులో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి, "పద్నాలుగు వారాలు, గుండె బాగా కొట్టుకుంటోంది" అన్నారు. నాకు సంతోషం కలగలేదు. సిగ్గేసింది. ఈడొచ్చిన కూతురు ముందు ఈ మాట ఎలా చెప్పాలా అన్నదే మొదటి ఆలోచన.

తీయించుకోవాలని ఆలోచించానా అంటే, ఆలోచించాను. దాచను. 2021లో మారిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ సరే అంటే చాలు, పెద్దవయసు ఆడమనిషికి భర్త సంతకం కూడా అక్కర్లేదని ఆ డాక్టరమ్మే చెప్పారు. ఆలోచించుకోమని వారం టైమ్ ఇచ్చారు. ఆ వారంలో నేను వద్దనుకుని ఉంటే ఆ దేవుడు నన్ను వదిలేసేవాడని నేను అనుకోను. మీరు ఏది ఎంచుకున్నా, మిమ్మల్ని తప్పుబట్టేవాళ్ల మాట చెవిన పెట్టకండి. నేను ఉంచుకుందామనుకున్నాను. కారణం అడిగితే, ఆ గుండె చప్పుడు నా చెవిలోంచి పోలేదు, అంతే.

ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సాంచాల పని ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆర్డర్ ఉంటే తిండి, లేకపోతే అప్పు. బంధువుల్లో ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే, "ఆపరేషన్ చేయించుకోలేదా?" అని. మా పాప అయితే పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిని లేచిపోయేది. లెక్కపెట్టుకున్నాను కాబట్టే పదకొండని గుర్తుంది. మొత్తం తొమ్మిది నెలల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మౌనమే. కాన్పు నొప్పులు దాని ముందు ఎంత.

అత్తమ్మ ఒక్కతే వేరుగా ఉంది. చదువు లేదు, నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. నా మాట విని, చేతిలో పని పక్కన పెట్టి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటకట్టి దేవుడి పటం దగ్గర ముడుపు కట్టింది. "రాజన్నా, తల్లీ పిల్లా సల్లగ వేరైతే కోడెను కట్టేస్తా" అని మొక్కుకుంది. కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేయడం అక్కడి మొక్కు. తర్వాత నా దిక్కు తిరిగి, "రేపు ఏఎన్ఎం నర్సమ్మ అస్తదట, పొయ్యి రక్తం చూపిచ్చుకో" అన్నది. మొక్కు, రక్తపరీక్ష ఆమెకు ఒకే ఊపిరిలో వచ్చాయి. మీరడిగిన దానికి నా దగ్గరున్న జవాబు ఇదే. దేవుడి మీద భారం వేయడమంటే మన పని మానుకోవడం కాదని ఆ ముసలామె దగ్గర నేర్చుకున్నాను.

నాకైతే మొదటి మూడు నాలుగు నెలలు దండం పెట్టడానికి చేతులు రాలేదు. కోపం. వేములవాడ వెళ్లి రాజన్న ముందు నిలబడి ఏమీ అడగకుండా తిరిగొచ్చాను. అత్తమ్మకు చెప్తే, "నువ్వు అడగకపోతేంది, నేను అడుగుతున్న గద" అన్నది. విశ్వాసం ఇంట్లో ఒకరి దగ్గర ఉన్నా కొన్నాళ్లు మిగతావాళ్లు దాని మీద బతకొచ్చు. మీకిప్పుడు భక్తి కుదరట్లేదని రాశారు. దాని గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇక మందులు లేని కాన్పు సంగతి. ఇంటర్నెట్‌లో దీని గురించి చదివితే ఎక్కువగా నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ వద్దనుకోవడం గురించే ఉంటుంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ దొరకడమే అరుదు. ఇక్కడ మన ఆడవాళ్లకు ఎదురయ్యేది దానికి తలకిందులు: నొప్పులు తొందరగా రావాలని గ్లూకోజ్‌లో పెట్టే మందు, వెల్లకిలా పడుకోబెట్టడం, అవసరం ఉన్నా లేకపోయినా కింద కోత, కుట్లు. నా మొదటి రెండు కాన్పులూ అలాగే జరిగాయి. ఆ మందు పెట్టాక నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు లేకుండా పోయింది. ఎవరూ చేయి పట్టుకోలేదు. నోరు మూసుకోమని అరిచారు. మూడోసారి నాకు కావాల్సింది గొప్ప అనుభవమేమీ కాదు, ఆ ఒంటరితనం ఉండకూడదు, అంతే.

మా వదిన ఏఎన్ఎం. కరీంనగర్‌లో ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ సిస్టర్లు ఉన్నారని ఆమే చెప్పింది. 2017 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ నర్సులకు 18 నెలలు ప్రత్యేకంగా ఈ శిక్షణ ఇస్తున్నారు. మామూలు కాన్పును తొందరపెట్టకుండా చూడటం, తేడా వస్తే వెంటనే డాక్టర్‌కి అప్పగించడం వాళ్ల పని. అయిదో నెల నుంచి అక్కడికే వెళ్లాను. బీపీ, షుగర్, రక్తం, అవయవాలు చూసే టిఫా స్కాన్, ఏదీ వదల్లేదు. 37 ఏళ్ల ఒంటికి అవి ఇంకా ముఖ్యం. నాకు హిమోగ్లోబిన్ 9 ఉండేది. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగుతున్నానని తెలిసి సిస్టర్ ఆపించారు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదట. ఎనిమిదో నెలకు 11 దాటింది. రక్తం బాగుంటేనే మందుల్లేని కాన్పు గురించి మాట్లాడుకుందాం అని ఆమె ముందే చెప్పారు.

తొమ్మిదో నెలలో మా పుట్టింటి వైపు నుంచి పెద్ద టెన్షన్ వచ్చింది. మా అన్నయ్య అయ్యగారి దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించుకొచ్చాడు. సెప్టెంబర్ మొదటి వారంలో మంచి నక్షత్రం ఉంది, అది దాటితే పితృపక్షం, బిడ్డకు మంచిది కాదు, ప్రైవేట్‌లో ఆపరేషన్ చేయించుదాం, ఖర్చు నేను పెట్టుకుంటా అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అందుకే కాదనడం కష్టమైంది. అతను మాట్లాడిన ఆసుపత్రి వాళ్లు కూడా సరే అన్నారు. ఆ రోజుకు నాకు 37 వారాల మూడు రోజులు. చివరి రెండు మూడు వారాల్లో బిడ్డ ఊపిరితిత్తులు, మెదడు ఇంకా తయారవుతుంటాయి, కారణం లేకుండా 39 వారాల ముందు తీయకూడదని సిస్టర్ చెప్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేట్‌లో 81.5. దేశం మొత్తం మీద 21.5. మన ఒళ్లు మిగతా దేశం కంటే బలహీనమైనవి కావు కదా.

అన్నయ్యకు ఈ అంకెలేవీ ఎక్కలేదు. అత్తమ్మ మాట ఎక్కింది. "పితృపక్షమంటే పెద్దలు ఇంటికచ్చే రోజులు గాదు బిడ్డా? మీ నాయిన గూడ అస్తడు. మనుమరాలో మనుమడో వాకిట్ల కనవడితే దీవిస్తడు గని శాపం వెడతడా?" అన్నది. మా నాన్న పోయి అప్పటికి మూడేళ్లు. అన్నయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ముహూర్తం కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబర్ 22 రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి. బతుకమ్మ చీరల ఆర్డర్ చివరి దశలో ఉండి మా ఆయన సాంచాల మీదే ఉన్నారు. సిస్టర్‌కి ఫోన్ చేస్తే, అయిదు నిమిషాలకొకటి వస్తుంటే బయల్దేరమన్నారు. ఇది మూడో కాన్పు, దారి గంట, అంతకు మించి ఆగొద్దన్నారు. ఒంటిగంటకు 108లో బయల్దేరాం, రెండింటికి చేరాం. చూసి అయిదు సెంటీమీటర్లు అన్నారు. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారు. నేను అత్తమ్మను రమ్మన్నాను.

నొప్పి లేదని ఎవరైనా చెప్తే నమ్మకండి. నడుము ఇరిగిపోయినట్టుంది. కానీ నన్ను పడుకోమనలేదు. నడిచాను, మంచం పట్టె పట్టుకుని ఊగాను, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చున్నాను. సిస్టర్ నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టారు, అరగంటకోసారి బిడ్డ గుండె విన్నారు. అత్తమ్మ ఏం చేసిందో తెలుసా? బీడీలు లెక్కపెట్టింది. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. నొప్పి లేవగానే నా వీపు రాస్తూ ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టేది. పదిహేను దగ్గర నొప్పి కొసకు చేరేది, ఇరవై అయిదుకు దిగేది. "ఇగో, కట్ట అయిపాయె, పక్కకు వెట్టు" అనేది. తర్వాత "రాజన్నా" అని ఒక్కసారి అనేది. మళ్లీ నొప్పి. రాత్రంతా పెద్ద మంత్రాలేమీ చదవలేదు, ఆ లెక్క, ఆ పేరు. నేనూ అప్పుడే, ఎన్నో నెలల తర్వాత, నోరు తెరిచి రాజన్నను పిలిచాను.

తెల్లవారుజామున అయిదున్నరకు ఇక నా వల్ల కాదు, కోసి తీసేయండి అని ఏడ్చాను. ఈ మాట వచ్చిందంటే దగ్గరికొచ్చినట్టే, చాలామంది ఇక్కడే అంటారు, అని సిస్టర్ నవ్వుతూ చెప్పి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. 6:10కి పాప పుట్టింది. 2.9 కిలోలు. కోత లేదు, చిన్నగా చీరితే రెండు కుట్లు పడ్డాయి. బొడ్డుతాడు వెంటనే కోయకుండా పాపను నా ఛాతీ మీద వేశారు, గంటలోపే పాలు పట్టించారు.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. పాప పుట్టిన వెంటనే నా తొడకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోకుండా ఇచ్చేది అది. మందుల్లేకుండా కనాలన్న పట్టుదలతో దాన్ని వద్దనకండి. కాన్పులో తల్లులు చనిపోయే పెద్ద కారణాల్లో రక్తస్రావం ఒకటి. అలాగే ఇంట్లో కనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. రక్తం కనిపించినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పచ్చగా పోయినా ముహూర్తం, మొక్కు ఏదీ చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. నా పక్క మంచం మీద ఉన్న చెల్లెలికి బిడ్డ గుండె తగ్గిపోతోందని ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఆమె నాకంటే ఎక్కువ మొక్కులు మొక్కింది. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఆమె భక్తి నా భక్తి కంటే తక్కువని అనగలమా?

మీ ఇంట్లో పెద్దల గురించి ఒక్క మాట. వాళ్లను ఒకసారి చెకప్‌కు వెంట తీసుకెళ్లండి. కాన్పు గదిలో మీ పక్కన ఎవరుండాలో ఇప్పుడే ఆలోచించుకోండి, చదువుకున్న మనిషే కానక్కర్లేదు. మీరు భయపడినప్పుడు తాను భయపడని మనిషి కావాలి.

మా పాప, పెద్దది, ఆ పదకొండు రోజుల తర్వాత ఎలా మాట్లాడిందో చెప్పలేదు కదా. ఒక రాత్రి వచ్చి నా పక్కన పడుకుని, "అమ్మా, నీకేమన్నా అయితే?" అని అడిగింది. అది కోపం కాదు, భయం. నేనేమో అన్నాళ్లూ అది సిగ్గుపడుతోందనుకున్నాను. మీ పిల్లలు ముభావంగా ఉంటే ముందు వాళ్ల భయం ఏమిటో అడగండి.

ఆ ఏడు పురుడు వల్ల మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస నాటి సాయంత్రం వీధిలో పాటలు వినిపిస్తుంటే పెద్దది గుమ్మం దగ్గర చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పాటకు తగ్గట్టు దాని చిట్టి చేతులతో చప్పట్లు కొట్టించింది. పాపకు అయిదో నెలలో వేములవాడ వెళ్లాం. అత్తమ్మ ముడుపు విప్పి రూపాయి హుండీలో వేసింది. కోడె తాడు పెద్దది పట్టుకుంది. గుడి చుట్టూ తిరుగుతుంటే అది వెనక్కి తిరిగి, "అమ్మా, మెల్లగా రా, చెల్లె పడుకుంది" అంది.