ముందు వరుస ఖాళీగానే ఉంది, రండి

పోయిన సంచికలో ఒక కూచిపూడి ప్రదర్శన గురించి రాశాను. అంత పెద్ద హాల్లో మహా అయితే నలభై మందిమి ఉన్నాం. అయినా ఆ అమ్మాయి హాలు కిటకిటలాడుతున్నట్టే భామాకలాపం చేసింది, తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి వేసినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు, కానీ ఎవరూ రాలేదు. అది చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఇలాంటివి ఎక్కడ జరుగుతాయి, మాకెలా తెలుస్తుంది అన్నదే ఎక్కువమంది ప్రశ్న. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: మావారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. పిల్లలు ఆరో తరగతి, మూడో తరగతి. ఈమధ్య సినిమా పాటల లైవ్ షోకి వెళ్దామని చూస్తే తలకి పదిహేను వందలన్నారు. నలుగురికి ఆరు వేలు, రానూపోనూ ఖర్చులు వేరే. పిల్లలకి సంగీతం, నాట్యం చూపించాలని నాకు బాగా ఆశ. మాలాంటి వాళ్లకి ఏదైనా దారి ఉందా?
– ఒక గృహిణి, బోడుప్పల్

జవాబు: ఉందమ్మా, అదీ మీకు దగ్గర్లోనే. ఉప్పల్‌లో శిల్పారామం ఉంది కదా, శని ఆదివారాల సాయంత్రం అక్కడ తరచుగా కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనలు పెడుతుంటారు. గేటు దగ్గర తీసుకునే ప్రవేశ టికెట్టే, నాట్యానికి విడిగా ఏమీ కట్టక్కర్లేదు. మాదాపూర్ శిల్పారామంలోనూ అంతే. కాస్త దూరమైనా పర్వాలేదనుకుంటే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. పాటల కచేరీలు, నాటకాలు, నాట్యం, పుస్తకావిష్కరణలు, ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. రవీంద్రభారతి 1961 నుంచి ఉంది. అది ప్రముఖులకే అనుకుని లోపలికి అడుగుపెట్టని వాళ్లు ఎంతమందో. లక్డీకాపూల్ మెట్రో దిగి వెళ్లండి, గేటు దగ్గర ఆ రోజు కార్యక్రమాల ఫ్లెక్సీలు కడతారు, ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటే అది మీకూ ఆహ్వానమే. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఆరుబయట చోటు ఒకటి ఉంది, 2010లో మొదలైంది, నాటకాలు, కవిత్వం, పాటలు ఉంటాయి, కొన్నిటికి చిన్న టికెట్, కొన్నిటికి అసలు ఉండదు. పిల్లలకి అక్కడ సమోసా, టీ కొనిపెట్టినా మీ ఆరు వేలతో ఎన్ని సాయంత్రాలు గడుస్తాయో లెక్కవేయండి.

ఎలా తెలుస్తుందంటే, దినపత్రికల సిటీ పేజీల్లో ఆ రోజు కార్యక్రమాలని చిన్న అక్షరాలతో వేస్తారు. మనం తిప్పేసే పేజీ అది, ఇకమీదట అదే ముందు చూడండి.

ఒక్క విషయం ముందే చెబుతాను, లేకపోతే మొదటిసారే విసుగొచ్చి మళ్లీ వెళ్లరు. కార్డులో సాయంత్రం ఐదున్నర అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఇవన్నీ అయ్యేసరికి ఏడవుతుంది. పిల్లలకి కడుపులో ఏదైనా పడేసి తీసుకెళ్లండి. నాట్య పాఠశాలల కార్యక్రమమైతే చిన్నపిల్లల అంశాలు ముందు, పెద్ద విద్యార్థులవి చివర. తమ పిల్లల వంతు అయిపోగానే తల్లిదండ్రులు లేచి వెళ్లిపోతారు, కాబట్టి పదిహేనేళ్లు సాధన చేసిన అమ్మాయి వచ్చేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు మిగులుతాయి. ఇది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీరు మాత్రం లేవకండి. అప్పుడే ముందు వరుసకి వెళ్లి కూర్చోండి. తరంగం, అంటే పళ్లెం మీద నిలబడి చేసే అంశం వస్తే పిల్లల్ని ముఖం కాదు, కాళ్లు చూడమనండి. ఇత్తడి పళ్లెం అంచుని కాలివేళ్లు ఎలా పట్టుకుంటాయో, పళ్లెం నేల మీద ఎలా జరుగుతుందో, ఆ చప్పుడు మృదంగంతో ఎలా కలుస్తుందో ముందు వరుస నుంచైతేనే తెలుస్తుంది. మీ మూడో తరగతి వాడు ఇంటికొచ్చి అన్నం కంచం మీద ఎక్కి చూస్తాడు, తిట్టకండి.

ప్రశ్న: మా పాప నాలుగేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. రికార్డు కోసం వేల మంది పిల్లలతో ఒకేసారి నాట్యం చేయిస్తున్నారట. పాపకి 3,500 కట్టమన్నారు, డ్రెస్సు, మేకప్ అదనం. కట్టకపోతే వెనకబడిపోతుందేమో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కట్టకండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను. మైదానంలో ఎండలో గంటలకొద్దీ నిలబెట్టి, పది నిమిషాలు ఆడించి, సర్టిఫికెట్ ఇస్తారు. ఎవరి అడుగు ఎలా పడిందో చూసేవాళ్లు ఉండరు. నాట్యం అనేది ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ చేసేది కదండీ.

ఆ డబ్బులో కొంత తీసి ఒక ఆదివారం పాపని కూచిపూడి తీసుకెళ్లండి. విజయవాడ వెళ్లి అక్కడి నుంచి పామర్రు మీదుగా బస్సులో పోవచ్చు. తను నేర్చుకునేదానికి ఆ పేరు ఎక్కడిదో కళ్లారా చూస్తుంది, రామలింగేశ్వరస్వామి గుడి ముందు నిలబడి ఒక్క అడుగు వేసినా జన్మంతా గుర్తుంటుంది. మిగతా డబ్బుతో విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మంచి కార్యక్రమం ఉన్నప్పుడల్లా వెళ్లి రండి. నేర్చుకునే పిల్లలు ఇతరుల నాట్యం చూడటం బాగా తగ్గిపోయింది. వెనకబడటం అంటూ ఉంటే అక్కడే వెనకబడతారు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆఫీసులో ఒకాయన శాస్త్రీయ సంగీత కచేరీకి రమ్మంటే వెళ్లాను. అందరూ తొడ మీద తాళం వేస్తున్నారు, ఆహా అంటున్నారు, నాకు ఏమీ అర్థం కాలేదు. నాలాంటివాడు వెళ్లి ప్రయోజనం ఉందా?
– విశాఖపట్నం

జవాబు: మీరు ఆ తాళం వేసేవాళ్లని గమనించారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. ఇప్పుడే చదువుతూ వేయండి. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు వరసగా తాకించండి. నాలుగయ్యాయా? మళ్లీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పండి, ఇంకో దెబ్బ, ఇంకోసారి తిప్పండి. ఎనిమిది. ఇదే ఆదితాళం, కచేరీల్లో మీకు అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది ఇదే. కొన్ని కీర్తనలకి ఒక్కో లెక్కని రెండేసి సార్లు వేస్తారు, కంగారు పడకుండా పక్కవాళ్ల చెయ్యి చూసి కలవండి. ఒకసారి కలిసిందంటే ఇక వదలదు. మృదంగం వాయించేవారి చేతులు కనిపించేలా కూర్చోండి. కచేరీ మధ్యలో పాట ఆగి మృదంగం, ఘటం మాత్రమే వాయిస్తారు, దాన్ని తని ఆవర్తనం అంటారు. అప్పుడు చాలామంది కాఫీకి లేస్తారు, మీరు లేవకుండా ఎనిమిది లెక్కపెడుతూ కూర్చోండి. వాళ్లు ఎన్ని మెలికలు తిరిగినా చివరికి మీ లెక్క దగ్గరికే వచ్చి దిగుతారు, ఆ దిగినప్పుడు నోట్లోంచి ఆహా అని దానంతటదే వస్తుంది. రాగం పేరు తెలియకపోతే ఏమీ నష్టం లేదు.

జనవరి ప్రాంతంలో, పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజ ఆరాధన చేస్తారు. త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలోనూ చాలాచోట్ల జరుగుతుంది, అంతా ఉచితం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో ఉన్న ఐదు పంచరత్న కీర్తనలనీ అందరూ కలిసి పాడతారు. ఐదూ ఆదితాళమే, మీరు పైన నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది! పైగా మొదటిది సంస్కృతమైనా మిగతా నాలుగూ తెలుగు. తమిళనాట తెలుగు రానివాళ్లు కూడా పుస్తకం చూసుకుంటూ ఆ మాటలు పాడుకుంటారు, మనకి ఆ కష్టం లేదు, కాస్త చెవి పెడితే చాలు.

మీ ఊళ్లో పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది, అక్కడ కార్యక్రమాలు కనుక్కోండి. సెలవు రోజున విజయనగరం కూడా వెళ్లి రండి. 1919లో మొదలైన సంగీత కళాశాల అక్కడుంది, హరికథల ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే పాఠం చెప్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. మీరు ఎన్నిసార్లో ఆ దారిలో వెళ్లే ఉంటారు.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ సిటీ వాళ్లకే. మాది చేర్యాల దగ్గర చిన్న పల్లె. నేను బడిపంతుల్ని. మా పిల్లలకి ఏం చూపించమంటారు? ఇక్కడ ఏమీ లేవు.
– సిద్దిపేట జిల్లా

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేర్యాల పక్కన ఉండి ఏమీ లేవంటారా? నకాషీ పటాలు మీ ఊరివే కదా. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు గీసి, ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ ఊరూరా కథ చెప్పేవాళ్లు. ఇవాళ ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కొనుక్కుపోతున్నారు. పిల్లల్ని నడిపించుకుని వెళ్లి, చిత్రకారుడు కుంచెతో కన్ను దిద్దుతుంటే పక్కన కూర్చోబెట్టండి.

ఇక కొమురవెల్లి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం మల్లన్న జాతర, మీకంటే దగ్గర ఎవరికి ఉంది? మల్లన్న కథలు చెప్పే ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చటి పొడి చేత్తో జారవిడుస్తూ పట్నం, అంటే రంగుల ముగ్గు వేస్తారు. ఎక్కడా గీత వంకర పోదు. శివరాత్రికి వేసే పెద్దపట్నం చూడటానికి జనం ఇసకేస్తే రాలనట్టు ఉంటారు, పిల్లలతో అయితే మామూలు ఆదివారమే మంచిది. ఒగ్గుకథ చెప్పేటప్పుడు డోలు వెనక కాకుండా కథకుడికి ఎదురుగా కూర్చోండి. ఒక్క మనిషే ఈ క్షణం మల్లన్న, భుజం మీది కండువా నెత్తిన కప్పుకోగానే మల్లన్న భార్య మేడలమ్మ, నడుం మీద చేతులు పెడితే ఇంకో భార్య కేతమ్మ. గొంతు మారుతుంది, నడక మారుతుంది. చుక్క సత్తయ్య గారి లాంటి వాళ్లు ఈ కథని ఊరి నుంచి దేశం దాకా తీసుకెళ్లారు, ఆయన మీ పక్క జనగామ వైపు మనిషే.

మీ ఊళ్లో బీరప్ప పండగకో, ఎల్లమ్మ పండగకో ఒగ్గు వాళ్లు వస్తే మర్నాడు ఉదయం వాళ్లని బడికి పిలవండి, ఒక గంట చాలు. టీ, టిఫిన్, ఊళ్లో చందా వేసుకుని కొంత డబ్బు కవర్లో పెట్టి ఇవ్వండి. మీ పిల్లల్లో ఎవడో ఒకడి తాతే డోలు కొట్టి ఉంటాడు, బడిలో వాడికి ఆ రోజు ఎంత గౌరవమో చూడండి.

ప్రశ్న: మా తాతయ్యకి 82 ఏళ్లు. చిన్నప్పుడు చూసిన సురభి నాటకం మళ్లీ ఒక్కసారి చూడాలని రోజూ అంటున్నారు. ఇప్పుడు వేస్తున్నారా? చాలా ఖర్చవుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: వేస్తున్నారు తల్లీ. వనారస గోవిందరావు కుటుంబం 1885లో ‘కీచకవధ’తో మొదలుపెట్టింది మీ కడప జిల్లాలోని సురభి గ్రామంలోనే, ఆ ఊరి పేరే వాళ్లకి పేరైంది. నాటక ఉత్సవాలు జరిగినప్పుడు జిల్లాలకి కూడా వస్తుంటారు. టికెట్ పెట్టినా మనలాంటి వాళ్లు కొనగలిగేదే పెడతారు, ప్రభుత్వ ఉత్సవాల్లో అయితే తరచుగా ఉచితమే. మీ జిల్లా సాంస్కృతిక కార్యక్రమాల వార్తలు చూస్తూ ఉండు, వచ్చిన రోజు పరీక్ష లేకపోతే చాలు, ఇంకేం ఆలోచించకు.

తాతయ్యని మధ్య వరుసలో, మధ్య కుర్చీలో కూర్చోబెట్టు. మరీ పక్కకైతే తెరల వెనక తాళ్లు కనిపిస్తాయి. ‘మాయాబజార్’ అయితే ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్లేటప్పుడు నువ్వు స్టేజీ వైపు కాదు, తాతయ్య వైపు చూడు.

ప్రశ్న: ఉచితంగా చూసి చప్పట్లు కొట్టి వచ్చేయడం నాకు తప్పుగా అనిపిస్తోంది. విద్యార్థిని, ఇచ్చుకోవడానికి డబ్బు లేదు. ఏం చెయ్యాలి?
– విజయవాడ

జవాబు: అయిపోయాక స్టేజీ వెనక్కి వెళ్లు. బాగుంది అని ఊరుకోకు, ఏం బాగుందో ఒక్కటి చెప్పు. నేను మొదట్లో రాసిన ఆ సత్యభామ దగ్గరికి అలాగే వెళ్లాను. ఒక మూల నేల మీద కూర్చుని గజ్జెలు విప్పుకుంటోంది, చీలమండల చుట్టూ తాళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి, వాళ్లమ్మ నగలు డబ్బాలో సర్దుతోంది. తెర మీదుగా జడ వేసి ఒక్క క్షణం కదలకుండా ఆగావు చూడు, అక్కడ నేను ఊపిరి బిగపట్టానమ్మా అన్నాను. ఆ పిల్ల తలెత్తి, “మీరు ముందు వరుసలో ఎడమవైపు కూర్చున్నారు కదా? ఆ తర్వాతదంతా మిమ్మల్ని చూస్తూనే చేశాను” అంది.