మైగ్రేన్‌కు ఆక్యుపంక్చర్ చేయించుకుంటే మాత్రలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 38. పెళ్లికి ముందు నుంచీ మైగ్రేన్ ఉంది. అది రాకుండా రోజూ ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుంటున్నా నెలకు ఐదారుసార్లు తలనొప్పి వస్తోంది. ఈమధ్య ఆక్యుపంక్చర్ (సన్నని సూదులు గుచ్చే వైద్యం) చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. నాలుక చూశారు, నాడి పట్టారు. నిద్ర, తిండి, నెలసరి, ఇంట్లో టెన్షన్లు అన్నీ గంటసేపు అడిగారు. ఇంత ఓపిగ్గా ఎవరూ వినలేదు. కానీ మాత్రలు వెంటనే ఆపేస్తేనే సూదులు పనిచేస్తాయంటున్నారు. ఆపేయొచ్చా?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మాత్రలు ఆపొద్దమ్మా. ప్రొప్రనలాల్‌ను ఉన్నట్టుండి మానేస్తే గుండె దడ వస్తుంది, బీపీ పెరగొచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికి కూడా రావచ్చు. మానాల్సి వస్తే రాసిచ్చిన డాక్టరే డోసు మెల్లగా తగ్గిస్తారు. మాత్ర వేసుకుంటూ సూదులు వేయించుకోవడానికి ఏ అడ్డూ లేదు.

సూదుల వైద్యాన్ని నేను తీసిపారేయను. ప్రొప్రనలాల్ లాంటి మందులు సరిపడకపోయినా, పనిచేయకపోయినా 5 నుంచి 8 వారాల్లో 10 సిట్టింగుల వరకు ఆక్యుపంక్చర్ ప్రయత్నించవచ్చని బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అదే సంస్థ నడుంనొప్పికి మాత్రం వద్దంటుంది. అందుకే అన్ని జబ్బులకూ ఇదొక్కటే మందు అనేవాళ్లను నమ్మకండి.

ఆయన అడిగిన ప్రశ్నలు మంచివి. నిద్ర చాలకపోయినా, పూజలకు ఉపవాసమున్నా, నెలసరి దగ్గరపడినా మైగ్రేన్ లేస్తుంది. ఐదు నిమిషాల ఓపీలో ఇవి అడగడం కుదరడం లేదు, అది మా వైద్యంలోని లోటే. మనిషిని మొత్తంగా చూడటమంటే ఆమె వేసుకునే మాత్రల చీటీ కూడా చూడటం. నాడి పట్టిన చేతికి బీపీ పట్టీ కూడా కట్టి చూడాలి.

ఆయన ఎక్కడ నేర్చుకున్నారో మొహమాటపడకుండా అడగండి. వైద్య నేపథ్యం లేనివాళ్లు పూర్తిస్థాయిలో ఈ వైద్యం చేయాలంటే 2,500 గంటల శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. సూదులు గుచ్చే 361 బిందువుల పేర్లు కంఠస్థం చేస్తే చాలదు. ఏ బిందువు కింద ఊపిరితిత్తి ఉంది, ఎక్కడ నరం పోతోంది, ఎంత లోతు దాటకూడదు అన్నది చేతికి రావాలి. ఛాతీ మీద, భుజం మీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలున్నాయి. మన దగ్గర ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ డిగ్రీ చేసినవాళ్లు శరీర నిర్మాణంతో పాటు ఆక్యుపంక్చర్ కూడా చదువుకుంటారు. అలాంటివారు దొరికితే మంచిది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర అయితే ఈ వైద్యానికి ప్రత్యేక చట్టాలే చేసుకున్నాయి. బెంగాల్‌లో దీన్ని మొదలుపెట్టిన బిజయ్ కుమార్ బసు 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు వైద్యసాయం చేయడానికి డాక్టర్ కోట్నీస్‌తో కలిసి వెళ్లిన డాక్టర్. ముందు అల్లోపతి చదివి, ఆ తర్వాతే సూదులు పట్టారాయన.

సూదుల ప్యాకెట్‌ను మీ ఎదుటే చింపాలి, వాడినవి వెంటనే పారేయాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుచ్చినప్పుడు బరువుగా, జివ్వుమన్నట్టు ఉంటే భయపడక్కర్లేదు. కరెంట్ కొట్టినట్టు లాగితే వెంటనే చెప్పండి. గర్భం వచ్చే అవకాశం ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి.

తలనొప్పి వచ్చిన తేదీ, ఆ రోజు తిన్నది, నిద్ర, నెలసరి, వేసుకున్న నొప్పిమాత్రలు ఒక నోటుబుక్కులో రాయండి. నొప్పిమాత్రలు నెలలో 10 రోజులు దాటుతుంటే వాటివల్లే తలనొప్పి పెరుగుతుండవచ్చు. పది సిట్టింగులయ్యాక కూడా తేడా లేకపోతే ఇంకా డబ్బు పెట్టొద్దు, ఆ పుస్తకం తీసుకుని న్యూరాలజిస్టును కలవండి. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చేయి కాలు పట్టు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా సిట్టింగు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.