ఒమన్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా ఉంటూ కాంట్రాక్టు మధ్యలో వేరే కాలేజీకి మారొచ్చా?

మారొచ్చండీ. మస్కట్‌లో చేస్తున్నాను, పక్క కాలేజీ వాళ్లు జీతం ఎక్కువ ఇస్తామన్నారు, కాంట్రాక్టు ఇంకా ఏడాది ఉంది, వీసా పోతుందేమోనని టెన్షన్ అన్నారు కదా. మా కాలంతో పోలిస్తే మీరు అదృష్టవంతులు.

నేను తార్నాకలో ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) డిప్లొమా చేసి ఒమన్ వెళ్లాను. అప్పట్లో మా బ్యాచ్‌లో చాలామంది చూపు ఒమన్, సౌదీ, ఇథియోపియాల మీదే. 2014 నుంచి 2020 చివరి దాకా అక్కడ రూలు ఏంటంటే, పాత యజమాని ఎన్‌వోసీ, అంటే వేరే చోట చేరడానికి మాకు అభ్యంతరం లేదనే కాగితం, ఇవ్వకపోతే దేశం వదిలి పోవాలి, ఉద్యోగ వీసా మీద రెండేళ్ల దాకా మళ్లీ రాకూడదు. కాంట్రాక్టు పూర్తి చేసినా అంతే!

నాది పూర్తయింది. ఇంకో కాలేజీ ఆఫర్ చేతిలో ఉంది. హెచ్ఆర్ ఆయన మన పాతబస్తీ మనిషే, ఎప్పుడు కనపడినా ఉర్దూలో పలకరించి, హలీమ్ ఎక్కడ బాగుంటుందో గంటసేపు వాదించేవాడు. ఆ రోజు కూడా కహ్వా (అరబ్బుల కాఫీ) పోశాడు, ఖర్జూరాల ప్లేటు నా వైపు జరిపాడు, అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాడు. నేను ఎన్‌వోసీ మాట ఎత్తగానే ఫోన్ తీసి ఎవరితోనో అరబిక్‌లో మాట్లాడటం మొదలుపెట్టాడు. అది అయ్యాక, "నై హోతా భాయ్, పాలసీ" అన్నాడు. అంతే. కొత్త కాలేజీ వాళ్లు ఆగలేదు. నేను హైదరాబాద్ వచ్చి హబ్సిగూడలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ చెప్పుకుంటూ, పెళ్లిళ్లలో "మళ్లీ ఎప్పుడు ప్రయాణం బాబూ" అనే వాళ్లని తప్పించుకుంటూ తిరిగాను.

2021 జనవరి 1 నుంచి ఆ ఎన్‌వోసీ తీసేశారు. ఇప్పుడు పాత కాంట్రాక్టు ముగిసిందనో రద్దయిందనో కాగితం చూపిస్తే కొత్త యజమాని దగ్గరికి మారొచ్చు. మీది మధ్యలో ఉంది కాబట్టి నోటీసు ఎన్నాళ్లు, ముందే వదిలేస్తే ఏం కట్టాలి అన్నది మీ కాంట్రాక్టులోనే వెతకండి, అమీర్‌పేట కన్సల్టెన్సీ వాళ్లని అడక్కండి. వాళ్లకి మనల్ని విమానం ఎక్కించడం వరకే తెలుసు.

నన్నడిగితే జీతం కంటే ముందు వీసా ఎవరి చేతిలో ఉందో చూడాలి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగం పోతే దాని మీద ఇచ్చిన వీసా గడువు కూడా దాంతోనే పోతుంది. జపాన్‌లో అలా కాదు, వీసా మన పేరు మీదే ఉంటుంది, కంపెనీ మారితే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కి చెప్తే చాలు. ప్రభుత్వ స్కూలు నుంచి ప్రైవేటు లాంగ్వేజ్ స్కూలుకి వెళ్తే మాత్రం వీసా కేటగిరీ మార్పించుకోవాలి. అయినా జపానే నయం అంటాను.

ఇంకో మంట. మా స్టాఫ్‌రూమ్‌లో అదే పుస్తకం, అవే క్లాసులు, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నాయనకి మాత్రం మాకంటే ఎక్కువ జీతం. ఆయన రాసిన ప్రశ్నపత్రాల్లో స్పెల్లింగులు దిద్దింది మేమే!

సరే, మీ సంగతి. కొత్త ఆఫర్ కాగితం మీద వచ్చేదాకా రాజీనామా మాట నోటితో కూడా అనకండి, ఇచ్చేటప్పుడు మెయిల్‌లోనే ఇవ్వండి. డిగ్రీ ఒరిజినల్స్ కాలేజీ ఫైల్లో ఉంటే ముందు అవి వెనక్కి తెచ్చుకోండి. ఎందుకని అడిగితే పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నానని చెప్పండి, నేను అదే చెప్పాను, కంగ్రాట్స్ కూడా చెప్పారు.