కణం గాయాన్ని మాన్పుకుంటుందా?

సందేహం: హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పిల్లల నోట్సులో "చిరిగిన కణం తన గాయాన్ని తానే మాన్పుకుంటుంది" అని రాశాను. గాయం దానంతటదే మానుతుంది గానీ 'మాన్పుకోవడం' తెలుగే కాదని మా తెలుగు సారు అంటున్నారు. "పుండు మానుతుంది" అని మార్చమన్నారు. ఏది సరి? (ఒక ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు, కడప జిల్లా)

సమాధానం: మీ వాక్యం బాగుంది, మార్చకండి. 'గాయం మానింది' అన్నప్పుడు 'మాను' అకర్మకం. 'మందు గాయాన్ని మాన్పింది' అంటే ప్రేరణార్థకం. చేసిన పని ఫలం చేసినవాళ్లకే దక్కితే 'కొను' చేరుతుంది. వండు, వండుకొను, మాన్పు, మాన్పుకొను. వ్యాకరణానికి ఇందులో అభ్యంతరమేమీ లేదు.

ఇక మాన్పేది కణమేనా అన్నది చూడాలి. కప్ప అండకణాల్లో దీన్ని బాగా పరిశీలించారు. పొర చిరగగానే బయటి కాల్షియం లోపలికి వస్తుంది. అదే హెచ్చరిక. లోపలుండే చిన్న చిన్న పొరతిత్తులు చిరుగు దగ్గర కలిసిపోయి అతుకు వేస్తాయి. పని అంతటితో ఆగదు. రో, సీడీసీ42 అనే ప్రోటీన్లు గాయం అంచున చేరి చోటు చూపిస్తాయి. ఆ చోట పొర కింద ఆక్టిన్ పోగులూ, వాటిని లాగే మయోసినూ వలయం కడతాయి. తాడు లాగితే వక్కాకు తిత్తి మూతి ముడుచుకున్నట్టు, ఆ వలయం బిగిసేకొద్దీ గాయం చిన్నదై మూసుకుపోతుంది. వైద్యుడూ, మందూ అన్నీ ఆ కణమే. ఇంత పని చేసే కణాన్ని కర్తగా నిలబెట్టిన క్రియ మీది. 'మానుతుంది' అంటే తప్పు కాదు గానీ, ఈ శ్రమంతా వాక్యంలోంచి జారిపోతుంది.

పిల్లలు మాత్రం తొందరలో 'మానుకుంటుంది' అని రాసే ప్రమాదముంది. తాగుడు మానుకున్నాడు, బడి మానుకున్నాడు అన్నట్టు అది వదిలేయడం. 'పు' పోతే అర్థమే పోతుంది. పరీక్ష పేపర్లలో దీన్ని తప్పకుండా దిద్దండి.

'పుండు' మాత్రం వద్దు. "కాలి పుండు మానిపోయిండాది" అని మన సీమలో అనేది ఒంటిమీది దాన్ని. అక్కడ దెబ్బతినేవి ఎన్నో కణాలు. చుట్టుపక్కల కణాలు జరిగొచ్చి, విభజన చెంది ఆ ఖాళీని పూడుస్తాయి. ఒంటరి కణానికి ఆ సాయం లేదు. దానికి 'గాయం' చాలు, ఇంకా తేలిగ్గా చెప్పాలంటే 'చిరుగు'. బరువులెత్తినప్పుడు మన కండర కణాల పొరలూ ఇలాగే చిరుగుతుంటాయి. వాటిని పుండ్లంటే పిల్లలు వేరే ఏదో ఊహించుకుంటారు.